పీల్చిన ఆక్సిజన్ ఎక్కడికి పోతుంది?

(గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం సాయంత్రం రిటైరైన బయాలజీ లెక్చరర్ ఒకాయన ఇచ్చిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వాళ్ళకి వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగానే ఉంది, కానీ ఫ్యాన్లు ఆపితే మీరు నన్ను ఆపేస్తారు, అందుకని వాటిని అలా తిరగనిద్దాం.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను, పిల్లలే కాదు పెద్దవాళ్ళు కూడా చెప్పచ్చు. ఇప్పుడు మీరందరూ గాలి పీలుస్తున్నారు, అందులో ఆక్సిజన్ లోపలికి పోతోంది. ఆ ఆక్సిజన్ చివరికి ఏమవుతుంది? చెప్పండి. ఆ, ఆ అమ్మాయి? కార్బన్ డయాక్సైడ్ అవుతుంది అంటోంది. ఇంకెవరన్నా వేరే చెప్తారా? లేదు, అందరిదీ అదే మాట. నేను ఎన్ని బ్యాచ్‌లని అడిగానో, అందరూ ఇదే చెప్పేవాళ్ళు, బైపీసీలో నూటికి తొంభై ఐదు తెచ్చుకున్న వాళ్ళతో సహా. ఆక్సిజన్ లోపలికి, కార్బన్ డయాక్సైడ్ బయటికి అని చిన్నప్పట్నుంచి చదివాం కాబట్టి ఇదే అదైపోతుంది అనుకుంటాం.

అవదండీ. పీల్చిన ఆక్సిజన్ నీళ్ళవుతుంది. మళ్ళీ చెప్తా, మీరు పీల్చిన ఆక్సిజన్ కణం లోపలికెళ్ళి నీళ్ళవుతుంది. మరి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఆక్సిజన్ ఉంది కదా, అదెక్కడిది? అది మీరు మధ్యాహ్నం తిన్న అన్నంలోది, కొంత కణంలో ఉన్న నీళ్ళలోది. గాల్లోంచి వచ్చింది కాదు. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకుంటే ఈ శ్వాసక్రియ అనే వ్యవహారమంతా దానంతట అదే విడిపోతుంది, అందుకే ఇవాళ మనం ఆక్సిజన్ వెనకాలే పోదాం, అదెక్కడికి పోతే అక్కడికి.

ఇందులో ఒక చిక్కుంది. అసలు నీళ్ళవడం కోసం మనకి ఆక్సిజన్ ఎందుకు? దాహమేస్తే నీళ్ళు తాగుతాం కదా, గాలి పీల్చి నీళ్ళు తయారుచేసుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది? దానికి జవాబు చెప్పడానికే ఈ గంట.

పాతకాలంలో ఏమనుకున్నారంటే, ఒంట్లో మంట మండుతోంది అనుకున్నారు. ఫ్రాన్సులో లావోయిజర్ అనే శాస్త్రవేత్త, ఆయన ఫ్రెండు లాప్లాస్, ఇద్దరూ కలిసి 1780ల్లో ఒక గినీపిగ్‌ని చుట్టూ మంచుగడ్డలు పెట్టిన డబ్బాలో కూర్చోబెట్టారు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో కొలిచారు, అది ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలిందో కొలిచారు, తర్వాత బొగ్గు కాల్చి అంతే కార్బన్ డయాక్సైడ్ వచ్చేటప్పుడు ఎంత మంచు కరుగుతుందో అదీ కొలిచారు. రెండూ ఇంచుమించు దగ్గరగా వచ్చాయి. అంటే ఊపిరి పీల్చడం అనేది నిదానంగా మండటమే అన్నాడాయన. గొప్ప మాట, ఆ రోజుల్లో అంతకన్నా గొప్ప మాట లేదు. 1794లో ఫ్రెంచి విప్లవంలో పాపం ఆయన తల తీసేశారు, అది వేరే కథ. కానీ ఆ మంట ఊపిరితిత్తుల్లో మండుతుంది అనుకున్నాడు. అక్కడ కాదు. ఊపిరితిత్తులు గాలి మార్పిడి చేస్తాయి అంతే, అసలు పని ఒంట్లో ఉన్న ప్రతి కణంలో జరుగుతుంది అని జనానికి అర్థమవడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

లెక్క ప్రకారం చూస్తే లావోయిజర్ కరెక్టే. స్పూను పంచదార స్టవ్ మీద కాల్చినా, మీరు తిని అరిగించుకున్నా, వచ్చే మొత్తం శక్తి ఒకటే. కానీ కాలిస్తే మొత్తం వేడిగా పోతుంది. వేడితో కణం ఏం చేసుకుంటుంది? వేడితో కండరం కదల్దు, వేడితో నరంలో సిగ్నల్ పోదు. కణానికి కావాల్సింది చిన్న చిన్న చిల్లరగా, వాడుకోగలిగే రూపంలో శక్తి. కొంత వేడి ఎలాగూ పోతుంది, సగానికి పైనే పోతుంది, అందుకే ఊరికే కూర్చున్న మనిషి కూడా దాదాపు 100 వాట్ల వేడి వదుల్తూ ఉంటాడు, ఇప్పుడు ఈ హాల్లో ఓ వందమందిమి ఉన్నామనుకోండి, పది కిలోవాట్ల హీటర్ ఆన్ చేసి పెట్టినట్టే, అందుకే ఆ ఫ్యాన్లు.

సరే, అన్నం దగ్గరికి వద్దాం. అన్నం అరిగి గ్లూకోజ్ అయింది, రక్తంలోంచి కణంలోకి వెళ్ళింది. గ్లూకోజ్‌లో ఆరు కార్బన్లు. కణద్రవంలో దాన్ని రెండు ముక్కలు చేస్తారు, మూడేసి కార్బన్ల పైరువేట్లు రెండు, దీన్ని గ్లైకాలసిస్ అంటారు, పది మెట్లు, పది ఎంజైములు, వాటి పేర్లు నేను చెప్పను, మీరు అడగద్దు. నికరంగా రెండంటే రెండు ఏటీపీలు మిగుల్తాయి. ఏటీపీ అంటే ఇందాక చెప్పిన శక్తి చిల్లర అనుకోండి, వివరంగా తర్వాత చెప్తా. ఇక్కడిదాకా ఆక్సిజన్ అవసరమే లేదు. గమనించారా? ఆక్సిజన్ ఇంకా సీన్లోకి రాలేదు.

ఆక్సిజన్ అస్సలు దొరక్కపోతే కథ ఇక్కడే ఆగిపోతుంది. పెరుగు తోడుకునేటప్పుడు బాక్టీరియా చేసేది ఇదే, లాక్టిక్ ఆసిడ్ దగ్గర ఆపేస్తాయి. కల్లులో ఈస్టు ఆల్కహాల్ దగ్గర ఆపుతుంది. ఇడ్లీ పిండి పొంగడం కూడా ఈ బాపతే. 1897లో బుక్నర్ అనే జర్మన్ ఆయన ఈస్టుని నూరి పిండి రసం తీసి, అందులో ఒక్క బతికున్న కణం లేకపోయినా పంచదార పులుస్తుందని చూపించాడు, అంటే ఇదేదో ప్రాణం చేసే మాయ కాదు, కెమిస్ట్రీయే అని అక్కడ తేలిపోయింది.

ఆక్సిజన్ ఉంటే పైరువేట్ మైటోకాండ్రియా లోపలికి పోతుంది, అంటే కణంలో శక్తి తయారుచేసే చిన్న చిన్న అరల్లోకి. అక్కడ క్రెబ్స్ సైకిల్. హాన్స్ క్రెబ్స్ ఇంగ్లండులో షెఫీల్డ్‌లో పావురం రొమ్ము కండరాన్ని కీమా కొట్టి ఇది కనిపెట్టాడు, 1937లో. నేచర్ పత్రికకి పంపిస్తే మా దగ్గర ఇప్పటికే వచ్చినవి ఎక్కువున్నాయి అని తిప్పి పంపారు, ఇంకో చోట వేయించుకున్నాడు, 1953లో దానికే నోబెల్ ఇచ్చారు. ఇంటర్ పిల్లలకి ఈ సైకిల్ చక్రం గీసీ గీసీ చేతులు పడిపోతాయి పాపం. దాంట్లో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, కార్బన్లన్నీ ఇక్కడికొచ్చేసరికి కార్బన్ డయాక్సైడ్‌గా ఊడిపోతాయి. మీరు వదిలే కార్బన్ డయాక్సైడ్ అంతా ఇక్కడా, దీనికి ముందు మెట్టులోనూ పుట్టిందే. మరి ఇప్పటిదాకా ఆక్సిజన్ వచ్చిందా? రాలేదు! గ్లూకోజ్ పూర్తిగా విరిగిపోయింది, ఆరు కార్బన్లూ బయటికి పోయాయి, గాల్లోంచి పీల్చిన ఆక్సిజన్ ఒక్క అణువు కూడా ఇంకా వీటిని ముట్టుకోలేదు. అదండీ విషయం.

మరి శక్తి ఎక్కడుంది? ఎలక్ట్రాన్లలో ఉంది. గ్లూకోజ్ విరిగేటప్పుడు దాని హైడ్రోజన్లని, వాటితో పాటు ఎలక్ట్రాన్లని, ఎన్ఏడీ అనే మోతగాడు పట్టుకెళ్ళి మైటోకాండ్రియా లోపలి పొర దగ్గర దింపుతాడు. ఆ పొరలో పెద్ద పెద్ద ప్రోటీన్ గుంపులు పాతుకుని ఉంటాయి, కాంప్లెక్స్ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నంబర్లు. ఎలక్ట్రాన్ ఒకదాన్నుంచి ఇంకోదానికి పోతూ కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది, దిగేటప్పుడు శక్తి వదుల్తుంది, ఆ శక్తితో ఒకటో నంబరు, మూడో నంబరు, నాలుగో నంబరు కాంప్లెక్సులు ప్రోటాన్లని, అంటే ఎలక్ట్రాన్ పోయిన హైడ్రోజన్లని, పొరకి ఇవతల్నుంచి అవతలికి తోస్తాయి. చివర్లో, నాలుగో కాంప్లెక్స్ దగ్గర, సత్తువంతా అయిపోయిన ఎలక్ట్రాన్‌ని తీసుకునేవాళ్ళు ఒకళ్ళుండాలి కదా? అక్కడ కూర్చుని ఉంటుందండీ మన ఆక్సిజన్. ఎలక్ట్రాన్లని తీసుకుంటుంది, చుట్టూ ఉన్న ప్రోటాన్లని కలుపుకుంటుంది, నీళ్ళయిపోతుంది. అంతే దాని పని. దానంతట అది శక్తి ఇవ్వదు, దేన్నీ మండించదు, చివర్లో నిలబడి లాగుతుంది. అది లాక్కోకపోతే వెనకాల లైనంతా ఆగిపోతుంది.

అలా తయారయ్యే నీళ్ళలో కణం మళ్ళీ వాడుకునేది పోను నికరంగా మిగిలేది రోజుకి ఇంచుమించు 300 మిల్లీలీటర్లు, మనిషిని బట్టి అటూ ఇటూ. పెద్ద గ్లాసుడు. మనం ఊరికే కూర్చుంటే నిమిషానికి పావు లీటరు ఆక్సిజన్ వాడతాం, రోజుకి 360 లీటర్లు, ఆ 360 లీటర్లలో దాదాపు మొత్తం ఈ ఒక్క మెట్టు దగ్గరే ఖర్చు.

ఇప్పుడు ఆ అవతలికి తోసిన ప్రోటాన్ల సంగతి. ఇక్కడ అందరూ సాగర్ చూసే ఉంటారు, మాచర్ల వైపు నుంచి వచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు ఈ హాల్లో. డ్యాము వెనకాల నీళ్ళు ఎత్తులో నిలబడి ఉంటాయి, కింద టర్బైన్ గుండా వదిలితే కరెంటు వస్తుంది. మైటోకాండ్రియా లోపలి పొర అచ్చంగా డ్యాము గోడ. ప్రోటాన్లు గోడ గుండా పోలేవు, అవతల పోగుపడతాయి, ఇవతలికి రావాలంటే ఒకటే దారి, ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీన్. అది నిజంగానే తిరుగుతుంది! బొమ్మ గీయడానికి సుళువని తిరుగుతుంది అంటున్నా అనుకోకండి, దాంట్లో నిజంగా ఇరుసుంది, సెకనుకి వందకి పైగా చుట్లు తిరుగుతుంది, ప్రతి చుట్టుకీ మూడు ఏటీపీలు తయారవుతాయి. సాగర్ మెయిన్ పవర్‌హౌస్‌లో రివర్సిబుల్ యూనిట్లున్నాయి, కరెంటు మిగిలినప్పుడు అదే మెషీన్ వెనక్కి తిరిగి కింది నీళ్ళని పైకి ఎత్తిపోస్తుంది, తెలుసు కదా? ఈ ప్రోటీన్ కూడా అంతే, అవసరమైతే వెనక్కి తిరుగుతుంది, ఏటీపీని ఖర్చుపెట్టి ప్రోటాన్లని పైకి తోస్తుంది. 

ఆ గోడకి అటూ ఇటూ వోల్టేజి తేడా ఎంతో తెలుసా? ఒక 150, 160 మిల్లీవోల్టులు. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ గోడ మందం చూడండి, ఐదారు నానోమీటర్లు. మీటరుకి లెక్కేస్తే దాదాపు మూడు కోట్ల వోల్టులు. అంత ఒత్తిడిని మీ ఒంట్లో ప్రతి మైటోకాండ్రియా మోస్తోంది, ఇప్పుడు, మీరు ఆవులిస్తున్నప్పుడు కూడా. ఆ రెండో వరసలో బాబూ, నిన్నే.

ఈ డ్యాము మాట మొదట చెప్పింది పీటర్ మిచెల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త, 1961లో. ఎవరూ నమ్మలేదు. అందరూ ఏదో ఒక మధ్యంతర కెమికల్ ఉంటుంది, అది దొరికితే చాలు అని ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు, ఈయనేమో అలాంటిదేమీ లేదు, ఉన్నది పొరకి అటూ ఇటూ ప్రోటాన్ల తేడా మాత్రమే అన్నాడు. ఒంట్లో బాగోక యూనివర్సిటీ వదిలేసి, కార్న్‌వాల్ అనే మారుమూల చోట ఒక పాత బంగళా బాగుచేయించుకుని, అందులోనే చిన్న ల్యాబు పెట్టుకుని పనిచేశాడు. పదేళ్ళకి పైగా పోట్లాట నడిచింది. 1978లో కెమిస్ట్రీ నోబెల్ ఆయనొక్కడికే ఇచ్చారు. ఆ ఇరుసు సంగతి తేల్చినందుకు 1997లో బోయర్‌కీ వాకర్‌కీ ఇచ్చారు, అదే ఏడాది జపాన్ వాళ్ళు ఆ ప్రోటీన్‌కి మెరిసే పోగు ఒకటి తగిలించి మైక్రోస్కోప్ కింద అది గిరగిరా తిరగడం వీడియో తీశారు. ఇంటికెళ్ళి ఫోన్లో వెతికి చూడండి, రీల్స్ చూసే టైములో ఒక్క నిమిషం.

భీమవరం నుంచి హార్వర్డ్ దాకా

ఏటీపీ గురించి చెప్తానన్నాను కదా. ఇక్కడ మన తెలుగాయన వస్తాడు. యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టారు. చాలామందికి ఆయన పేరు మందుల వల్ల తెలుసు, కాన్సర్ మందులు, యాంటీబయాటిక్స్. కానీ అంతకు ముందు ఆయన చేసిన పని ఇది, నా దృష్టిలో ఇదే పెద్దది, మీరు ఒప్పుకోకపోయినా సరే.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర పనిచేసేటప్పుడు, రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు, 1925లో. శాంపిల్లో ఫాస్ఫరస్ ఉంటే నీలం రంగు వస్తుంది, రంగు ఎంత ముదురైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో పిల్లలతో చేయిస్తారు, చేసే పిల్లలకి ఆ సుబ్బారావు మనాయనే అని తెలీదు. ఆ నీలం రంగుతోనే కండరంలో ఎవరూ ఊహించని పదార్థం ఒకటి దొరికింది, ఫాస్ఫోక్రియాటిన్, 1927లో. తర్వాత 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా ఏటీపీని పట్టుకున్నాడు, పుస్తకాల్లో ఎక్కువ లోమాన్ పేరే ఉంటుంది, ఇద్దరి పేరూ చెప్పడం న్యాయం.

అప్పట్లో ఇది ఎందుకు పెద్ద వార్త అంటే, కండరం బిగుసుకోవడానికి కారణం లాక్టిక్ ఆసిడ్ అని అందరూ నమ్మేవాళ్ళు. హిల్, మేయర్‌హాఫ్ అని ఇద్దరికి 1922 నోబెల్ కూడా వచ్చింది కండరం మీద. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడగానే ఆ సిద్ధాంతం కాళ్ళు ఊగడం మొదలైంది, తర్వాత లుండ్స్‌గార్డ్ అనే డెన్మార్క్ ఆయన లాక్టిక్ ఆసిడ్ తయారవకుండా ఆపేసినా కండరం బిగుస్తుంది అని చూపించేసరికి కూలిపోయింది. సుబ్బారావు గారికి నోబెల్ రాలేదు, 1948లో న్యూయార్కులో పోయారు, మన ప్రభుత్వం శతజయంతికి 1995లో స్టాంపు వేసింది. స్టాంపు.

ఏటీపీ అంటే చివర మూడు ఫాస్ఫేట్లున్న చిన్న అణువు. చివరిది ఊడితే వచ్చే శక్తితో పనవుతుంది, మిగిలిన ఏడీపీకి మైటోకాండ్రియాలో మళ్ళీ ఫాస్ఫేట్ తగిలిస్తారు. ఒంట్లో ఏ క్షణంలో చూసినా ఏటీపీ మొత్తం కలిపి కొన్ని పదుల గ్రాములే ఉంటుంది. కానీ రోజంతా ఖర్చయ్యేది లెక్కేస్తే మన ఒంటి బరువంత! అంటే ఒక్కొక్క ఏటీపీ రోజుకి వందలసార్లు విరిగి మళ్ళీ అతుక్కుంటోంది. దాచిపెట్టుకునే సరుకు కాదది. అందుకే మెదడుకి నాలుగైదు నిమిషాలు ఆక్సిజన్ ఆగితే పని అయిపోతుంది, బరువులో రెండు శాతం ఉండే మెదడు శక్తిలో ఇరవై శాతం తింటుంది మరి.

కబడ్డీ ఆడినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఆ, చేతులు బాగానే లేస్తున్నాయి. కూతకి వెళ్ళినవాడు ఊపిరి బిగబట్టి 30 సెకన్లు తిరగాలి. వాడికి శక్తి ఎక్కణ్ణుంచి? కండరంలో ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకి సరిపోతుంది. తర్వాత సుబ్బారావు గారి ఫాస్ఫోక్రియాటిన్, అదో పది సెకన్ల దాకా. తర్వాత ఇందాకటి గ్లైకాలసిస్, లాక్టిక్ ఆసిడ్ పోగుపడటం. కూత అయ్యాక గీత దగ్గర మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతాడు చూశారా, ఆ రొప్పు మైటోకాండ్రియాతో పాత బాకీ తీర్చడానికి. మర్నాడు కాళ్ళ నొప్పులు లాక్టిక్ ఆసిడ్ వల్ల అని జిమ్ముల్లో చెప్తారు, అది గంట రెండు గంటల్లో పోతుందండీ, మర్నాటి నొప్పి కండరం పోగులు చిన్న చిన్నగా చిరిగినందుకు.

పురుగుమందుల షాపులో మైటోకాండ్రియా

ఇప్పుడు గుంటూరు సంగతి మాట్లాడదాం. ఎలక్ట్రాన్లు దిగే ఈ గొలుసంతా పాఠం అనుకుంటున్నారా? మిర్చి రైతులెవరన్నా ఉన్నారా ఇక్కడ? ఉన్నారు, సంతోషం. మీరు షాపుకెళ్ళి తెచ్చే డబ్బాల్లో కొన్ని ఈ గొలుసు మీదే పనిచేస్తాయి, మీకెవరూ చెప్పి ఉండరు.

మిర్చికి నల్లి పడితే కింది ముడత వస్తుంది. దానికి ఫెనాజాక్విన్ కొడతారు. అది నల్లి కణాల్లో ఒకటో నంబరు కాంప్లెక్స్‌ని మూసేస్తుంది, ఎలక్ట్రాన్ అక్కడే ఆగిపోతుంది. కాయకుళ్ళు వస్తే అజాక్సీస్ట్రోబిన్, అది బూజు కణాల్లో మూడో నంబరుని మూస్తుంది. డయాఫెంథియురాన్ తెలుసు కదా, తెల్లదోమకి, నల్లికి, అది ఇందాక చెప్పిన తిరిగే ప్రోటీన్‌నే ఆపేస్తుంది, ఏటీపీ సింథేజ్‌ని. తామర పురుగులకి క్లోర్‌ఫెనాపిర్ కొడతారు, దాని పని ఇంకో రకం, అది దేన్నీ మూయదు, డ్యాము గోడకి కన్నాలు పెడుతుంది, ప్రోటాన్లు టర్బైన్ దారిన రాకుండా ఎక్కడబడితే అక్కడ కారిపోతాయి, పురుగు తిండి తింటూనే ఉంటుంది, ఎలక్ట్రాన్లు దిగుతూనే ఉంటాయి, ఏటీపీ మాత్రం రాదు. ఇక గోడౌన్లలో ధాన్యానికి పురుగు పట్టకుండా పొగ పెడతారే బిళ్ళలతో, ఆ ఫాస్ఫీన్ గ్యాసు దెబ్బ కొట్టే చోట్లలో నాలుగో నంబరు ఒకటి. మన ఆక్సిజన్ కూర్చునే చోటు. సైనైడ్ కొట్టేదీ అక్కడే. సైనైడ్ ఎక్కిన మనిషి రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉంటుంది, తిరిగొచ్చే సిరల రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది, ఎందుకంటే కణం దాన్ని తీసుకోలేకపోతోంది.

చూశారా, ఒకే గొలుసు, ఐదు మందులు, ఐదు చోట్ల. ఇది తెలిస్తే ఉపయోగమేంటి అంటారేమో. ఉంది. పేరు మారింది కదా అని ఒకే చోట కొట్టే మందుని మళ్ళీ మళ్ళీ కొడితే పురుగు దానికి అలవాటు పడిపోతుంది. స్ట్రోబిన్ అని చివర్లో వచ్చే తెగులు మందులన్నీ మూడో నంబరు మీదే, ఒకటి మార్చి ఇంకోటి కొట్టినా మందు మార్చినట్టు కాదు. ఈ మందులకి ప్రపంచమంతా ఒకే రకం గ్రూపు నంబర్లున్నాయి, ఫెనాజాక్విన్‌ది 21, డయాఫెంథియురాన్‌ది 12, క్లోర్‌ఫెనాపిర్‌ది 13. షాపు ఆయన్ని పేరు కాకుండా గ్రూపు అడగండి, కొత్తలో విచిత్రంగా చూస్తాడు, అలవాటు పడతాడు.

ఇంకోటి. నల్లికి ఉన్న మైటోకాండ్రియానే మీకూ ఉంది. మాస్కు లేకుండా, గాలికి ఎదురుగా, బనీను మీద కొడుతుంటారు కొందరు. క్లోర్‌ఫెనాపిర్ ఒంట్లోకి పోతే విరుగుడు లేదు. మొదట్రోజు బాగానే ఉన్నట్టు ఉంటాడు, తర్వాత చెమటలు, జ్వరం, ఒళ్ళు కాలిపోతుంది. ఎందుకు కాలిపోతుంది? ఏటీపీ కావాల్సిన శక్తంతా వేడిగా పోతోంది కాబట్టి.

ఇదే కన్నం పెట్టే పని చేసే డైనైట్రోఫినాల్ అనే పదార్థాన్ని 1930ల్లో అమెరికాలో బరువు తగ్గే బిళ్ళగా అమ్మారు, నమ్ముతారా? బరువు నిజంగానే తగ్గేది. జ్వరం ఎక్కి కొందరు చచ్చిపోయారు, కొందరికి కంట్లో శుక్లాలొచ్చాయి, 1938లో ఆపించారు. ఇప్పటికీ ఇంటర్నెట్లో దొంగచాటుగా అమ్ముతున్నారు, పిల్లల ఫోన్లు చూడండి. పుట్టిన పసిపిల్లల వీపు మీద గోధుమ రంగు కొవ్వు ఉంటుంది, అక్కడ ఇదే లీకు దేవుడు పెట్టినట్టు అదుపులో ఉంటుంది, చలికి వణకలేని పసికందుకి అదే వేడి. అదుపులో ఉన్న లీకు వేరు, బిళ్ళ వేసుకుని పెట్టిన కన్నం వేరు.

బరువు మాటొచ్చింది కాబట్టి. పొద్దున్నే వాకింగ్ చేసే వాళ్ళు చాలామంది వచ్చారు. పది కిలోల కొవ్వు తగ్గారనుకోండి, ఆ కొవ్వు ఎటుపోయింది? చెమటగానా? వేడిగానా? పదిలో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ముక్కులోంచి పోయింది, మిగతా 1.6 కిలోలు నీళ్ళు. అలాగని కూర్చుని గబగబా ఊపిరి వదిలితే తగ్గరండోయ్, తల తిరుగుతుంది అంతే. కణం ఏటీపీ ఖర్చుపెడితేనే కార్బన్ బయటికొస్తుంది.

ధాన్యం సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తా. కోతల టైములో వాన పడి తడిసిన వడ్లు కుప్పపోస్తే, లోపలికి చెయ్యి పెట్టి చూశారా? కాలుతుంది. వడ్ల గింజ బతికున్న జీవి, తడి తగిలితే శ్వాసక్రియ ఎక్కువవుతుంది, దానికి బూజు శ్వాసక్రియ తోడవుతుంది, వేడి పుడుతుంది, ఆక్సిజన్ నీళ్ళవుతుంది అన్నాం కదా, ఆ నీళ్ళతో ఇంకా తడి, ఇంకా వేడి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోం అంటారు, రైతుకి కోపం వస్తుంది, ఎండ లేని రోజుల్లో ఆరబెట్టమంటే ఎక్కడ ఆరబెడతాడు, ఆ కోపంలో న్యాయముంది. కానీ ఆ నంబరు వెనకాల ఉన్నది ఇది. పాత రోజుల్లో జొన్న పాతర, అంటే గింజలు దాచిన గొయ్యి, తీయగానే ఎవరూ దిగేవాళ్ళు కాదు, దీపం దింపి చూసేవాళ్ళు. లోపల గింజలు ఆక్సిజన్ అంతా వాడేసి కార్బన్ డయాక్సైడ్ నింపి పెట్టి ఉంటాయి, అది బరువు, పైకి రాదు, దిగినవాడు దిగినట్టే పడిపోతాడు, తీయడానికి దిగిన రెండోవాడూ అంతే. ఇప్పటికీ పాడుబడ్డ బావుల్లో ఇలాగే పోతున్నారు.

ప్రశ్నలేమన్నా ఉంటే అడగండి.

రాత్రిపూట చెట్టు కింద పడుకోకూడదా అని అడుగుతున్నారు అమ్మగారు. చెట్టు కూడా పగలూ రాత్రీ శ్వాసిస్తుందమ్మా, రాత్రి వదిలేది కార్బన్ డయాక్సైడే, నిజమే. కానీ ఆరుబయట అది గాల్లో కలిసిపోతుంది, పైగా చెట్టుకి మనలాగా పరుగులు పెట్టే పని లేదు, ఆకులు వదిలేది తక్కువ. పక్క మంచం మీద పడుకున్న మీవారు వదిలేదీ అదే. పాములకి భయపడండి, చెట్టుకి అక్కర్లేదు.

ఇంకా? ఆ బాబు. ఒక గ్లూకోజ్‌కి ఏటీపీలు 38 రాయాలా, 36 రాయాలా, మా సార్ ఒకటి చెప్తారు, టెస్ట్ కీలో ఇంకోటి ఉంటుంది అంటున్నాడు. వచ్చిందండీ అసలు ప్రశ్న. చూడు నాన్నా, పాత లెక్కలో ఒక ఎన్ఏడీహెచ్‌కి, అంటే ఎలక్ట్రాన్లు మోస్తున్న ఎన్ఏడీకి, మూడు ఏటీపీలు అనుకున్నారు, దాంతో 38 వచ్చింది. బయటి ఎన్ఏడీహెచ్‌ని లోపలికి చేర్చే ఖర్చు తీసేస్తే 36. తర్వాత ప్రోటాన్లు లెక్కపెట్టారు. ఒక ఎన్ఏడీహెచ్ ఎలక్ట్రాన్లకి 10 ప్రోటాన్లు అవతలికి పోతాయి, ఒక ఏటీపీ తయారై బయటికి చేరడానికి ఇంచుమించు 4 ప్రోటాన్లు ఖర్చు. పదిని నాలుగుతో భాగించు. రెండున్నర, మూడు కాదు. అలా మొత్తం వేస్తే 30 నుంచి 32. పొరలోంచి ఊరికే కారిపోయేవి కూడా కొన్నుంటాయి కాబట్టి నిజంగా కణంలో అంతకన్నా తక్కువే రావచ్చు. పరీక్షలో మాత్రం మీ టెక్స్ట్‌బుక్‌లో ఏముంటే అది టిక్ పెట్టు, నెగెటివ్ మార్కులున్నాయి.